ఫీల్డ్ ట్రిప్ అంటే కొండెక్కడమేనా?

ప్రశ్న: గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో జియాలజీ చెబుతాను. నాలుగేళ్ల సర్వీసు. ఈసారి సెకండియర్‌లో పద్దెనిమిది మంది ఉన్నారు. ఒకబ్బాయికి బైక్ యాక్సిడెంట్‌లో మోకాలి కింద కాలు పోయింది. కృత్రిమ కాలుతో నడుస్తాడు, చాలా చురుకైనవాడు. మేం ఏటా కొండపల్లికి ఫీల్డ్ ట్రిప్ వెళ్తాం. ‘అతనికి ఎగ్జెంప్షన్ ఇచ్చి అసైన్‌మెంట్ రాయించెయ్యండి, లేదంటే బస్సులో కూర్చోబెట్టండి’ అని పైవాళ్లు అంటున్నారు. ఇద్దరమ్మాయిల్ని వాళ్లింట్లో ట్రిప్‌కి పంపబోమంటున్నారు. సగం మంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, క్లాసులో నోరు విప్పరు. ఇంకో అబ్బాయికి రంగులు సరిగ్గా తెలియవని మొన్న మైక్రోస్కోప్ దగ్గర బయటపడింది. ప్రమోషన్ కోసం రిఫ్రెషర్ కోర్సు కూడా చెయ్యాలి. ‘ఇన్‌క్లూజివ్ టీచింగ్’ అని ఆన్‌లైన్‌లో ఒకటి చేశాను, వారం రోజులు స్లైడ్లు చదివి వినిపించారు. సర్టిఫికెట్ వచ్చింది గానీ మా అబ్బాయిని ఫీల్డ్‌కి ఎలా తీసుకెళ్లాలో మాత్రం తెలియలేదు. ఏం చెయ్యమంటారు? ఎలాంటి ట్రైనింగ్ తీసుకోమంటారు?
— పేరు వద్దు, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ‘బస్సులో కూర్చోబెట్టండి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట అచ్చంగా ఆ మాట అన్నవాణ్ణి నేనే.

అప్పుడు నేను పనిచేసే కాలేజీలో ఒకమ్మాయి ఉండేది, చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. కొండపల్లి తీసుకెళ్లాం. బస్సు ఆగాక, ‘నువ్విక్కడే ఉండమ్మా, బ్యాగులూ పులిహోర పొట్లాలూ చూస్తూ ఉండు’ అన్నాను, పైగా అదేదో ఆమె మీద దయ చూపించినట్టు. నాలుగు గంటల తర్వాత చెమటలు కక్కుకుంటూ కిందికి దిగి చూస్తే, బస్సు మెట్టు మీద ఆరు రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. రోడ్డు పక్కన ఏరుకొచ్చి, కడిగి, నల్లవి ఒక పక్కా తెల్లవి ఒక పక్కా పెట్టింది. ‘సార్, ఈ మూడింట్లో చారలున్నాయి, ఈ మూడింట్లో లేవు, ఒకే కొండవి కదా, ఎందుకిలా?’ అని అడిగింది. అందరం అలిసిపోయి ఉన్నాం, ఆకలి మీద ఉన్నాం. ‘తర్వాత చెప్తాలే’ అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. రికార్డు మాత్రం పక్కమ్మాయిది చూసి రాసింది, నేనూ కళ్లు మూసుకుని మార్కులు వేశాను. ఆ రోజు కొండెక్కిన ముప్ఫై మందిలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదని నాకు రిటైరయ్యాక గానీ తట్టలేదు.

కాబట్టి నేనిప్పుడు చెప్పేది పెద్ద అనుభవజ్ఞుడి సలహా అనుకోకండి, తప్పు చేసినవాడు చెబుతున్నాడనుకోండి.

ముందు ఒక కాగితం తీసుకుని ఈ ట్రిప్ దేనికి వెళ్తున్నామో రాయండి. ‘కొండపల్లి కొండ ఎక్కుట’ అని ఏ సిలబస్‌లోనూ లేదు. రాయిని దాని చోటులో చూడటం, చూసింది గీయడం, పొర ఎటు వాలిందో కొలవడం, ఇది ఎలా ఏర్పడిందో ఊహించి ఆ ఊహకు సాక్ష్యం చూపించడం. ఇంతే కదా. ఇందులో కాళ్లతో పని ఎంత, కళ్లతో చేతులతో బుర్రతో పని ఎంత? మనం చోటు ముందు పెట్టుకుని (ఏటా వెళ్లేదే కదా!) పాఠాన్ని దానికి అతికిస్తాం. తిప్పి చూడండి. పాఠం ముందు, చోటు తర్వాత. మన సబ్జెక్టులో కొండెక్కినవాడే మొనగాడు అనే ఒక భ్రమ ఉంది, మగ లెక్చరర్లం దాన్ని బాగా పెంచి పోషించాం. చార్నోకైట్ సంగతి మీకు తెలిసిందే. కొండపల్లిలో మనం పిల్లలకు చూపించే ఆ రాయికి పేరు పెట్టింది 1893లో జియాలజిస్టు థామస్ హాలండ్, ఆయన ఆ పేరు పెట్టింది కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ సమాధి రాతిని పరీక్షించి. చర్చి ఆవరణలో ఉన్న సమాధి రాయి! దానికి ఏ కొండ ఎక్కాడు?

మీరున్నది గుంటూరు, కొండపల్లి దాకా వెళ్లేలోపే దారిలో బంగారం లాంటి చోట్లున్నాయి. మంగళగిరితో మొదలుపెట్టండి. ఆ కొండ అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉందనీ, అందుకే స్వామికి పానకం పోస్తారనీ మీ పిల్లల్లో కనీసం పదిమంది వాళ్ల అమ్మమ్మల నోట విని ఉంటారు. అదే ప్రశ్నగా పెట్టండి: ఇది అగ్నిపర్వతమేనా? మెట్లెక్కక్కర్లేదు, పైకి చూడక్కర్లేదు, కొండ అడుగున పడి ఉన్న రాళ్లు చాలు. లావా చల్లారిన రాయయితే రేణువులు కంటికి ఆనవు, ఇక్కడేమో పలుగు, ఫెల్డ్‌స్పార్ గింజలు ఎంతెంతున్నాయో చూడండి, చారలు చూడండి, గార్నెట్ అనే ఖనిజం దొరుకుతుందేమో వెతకండి. తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉన్న రూపాంతర శిలలే ఇవీ. ఎక్కడో లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి, పైనున్నదంతా కోసుకుపోయాక బయటపడ్డాయి. పానకం పోసే భక్తిని ఎవరూ వెక్కిరించనక్కర్లేదు, దేవుడి సంగతి దేవుడిది, రాయి సంగతి రాయిది. కాలున్నవాడూ లేనివాడూ, నోరున్నవాడూ లేనివాడూ అందరూ ఒకే రాయి చుట్టూ నిలబడి వాదించుకుంటారు, మీరు పక్కన నిలబడి వినొచ్చు.

అక్కణ్ణుంచి సీతానగరం వైపు బ్యారేజీ. అటు ఇంద్రకీలాద్రి, ఇటు సీతానగరం కొండ, మధ్యలో కృష్ణ. 1855లో ఆనకట్ట ఇక్కడే కట్టారు, 1957లో ప్రకాశం బ్యారేజీ కూడా దానికి దగ్గర్లోనే కట్టారు, ఎందుకో పిల్లల్నే చెప్పమనండి. నదికి రెండు పక్కలా రాతి భుజాలు దొరికే చివరి చోటు ఇది, ఇక్కడ దాటితే ఇక అంతా డెల్టా, ఒండ్రుమట్టి. చదునైన రోడ్డు మీద నిలబడి చెప్పగల పాఠం ఇది. క్లాసులో విజయవాడ నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే 2024 సెప్టెంబరు వరద సంగతి వాళ్లతోనే చెప్పించండి. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అటు బుడమేరు సింగ్‌నగర్ మీద పడటం, అంతకు ముందు రోజే మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడటం. తమ డాబా మీద మూడు రోజులు గడిపిన పిల్ల చెప్పే వరద పాఠం ముందు మన ‘రివర్ ప్రాసెసెస్’ చాప్టర్ ఏపాటిది?

చివరికి కొండపల్లి కూడా వెళ్లండి, మానొద్దు. ఖిల్లా దాకా ఘాట్ రోడ్డుంది, వాహనం వెళ్తుంది. రోడ్డు కోతల్లో కనిపించే రాయితో చాలా పాఠం నడుస్తుంది. పైన తుప్పల్లో నడిచి వెళ్లాల్సిన చోటు ఒక్కటి తప్పకుండా చూడాలనుకుంటే, వెళ్లగలిగినవాళ్లు వెళ్లి ఫోన్లో వీడియో కాల్ పెట్టి, కింద ఉన్నవాడు ‘ఇంకొంచెం ఎడమకి, ఆ చార మీద సుత్తి పెట్టి చూపించు, స్కేలేది?’ అని అడుగుతుంటే పైవాళ్లు చూపించాలి. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటిదే వైర్‌లెస్ కెమెరాలతో చేశారు, మనకు అంత సరంజామా అక్కర్లేదు, పిల్లల జేబుల్లోనే ఉంది. ఒక్కటి మాత్రం మరిచిపోకండి: కింద ఉన్నవాడు చూసేవాడు కాకూడదు, చూపించమని ఆర్డర్ వేసేవాడు కావాలి. లేకపోతే అదీ బస్సులో కూర్చోబెట్టడమే, చేతిలో ఫోన్ ఒకటి ఎక్కువ, అంతే. ఒంటరిగా కూడా ఉంచొద్దు, ఇంకో ఇద్దరు కిందే ఉండి అతనితో కలిసి మ్యాప్ గియ్యాలి.

ఇవన్నీ చేసే ముందు ఆ అబ్బాయిని అడిగారా? మీ ఉత్తరంలో పైవాళ్లు ఏమన్నారో ఉంది, అతను ఏమన్నాడో లేదు. స్టాఫ్‌రూమ్‌లో పదిమంది ముందు కాదు, కాస్త పక్కకు పిలిచి మామూలుగా అడగండి, ‘ఫలానా చోటుకి వెళ్దామనుకుంటున్నాం, రాళ్ల మీద ఎంతసేపు నడవగలవు, ఏది ఇబ్బంది?’ అని. కృత్రిమ కాలుతో ఎక్కడం కంటే దిగడం కష్టమని, అందులోనూ కంకర జారే వాలు మీద ఇంకా కష్టమని, ఎండలో చెమటకి సాకెట్ లోపల ఒరుసుకుపోతుందనీ అతను చెబితేనే మనకు తెలుస్తుంది. ‘నేను ఎక్కగలను మేడం’ అంటే ఎక్కనివ్వండి, మీ భయాన్ని అతని మీద పెట్టకండి. మేలో మాత్రం పెట్టకండి ఈ ట్రిప్, అతని కోసమనే కాదు, రెంటచింతల ఎండలకి పక్క జిల్లావాళ్లం మనం, రెండు కాళ్లున్నవాళ్లే పడిపోతారు. డిసెంబరు, జనవరి చక్కగా ఉంటుంది.

కొలతల సంగతి. స్ట్రైక్, డిప్ కొండ మీదే నేర్పాలని ఎవరన్నారు? కాలేజీ వరండాలో ఒక చెక్కపీటను ఏటవాలుగా గోడకు ఆనించి దాని మీద చెంబుడు నీళ్లు పొయ్యండి. నీళ్లు జారిన దిక్కు డిప్, దానికి అడ్డంగా పీట మీద గీసే మట్టపు గీత స్ట్రైక్. వాలు కొలిచే క్లైనోమీటర్ పట్టుకుని పద్దెనిమిది మందీ తలా నాలుగుసార్లు కొలవొచ్చు, పీట వాలు మార్చి మళ్లీ కొలవొచ్చు. ఫీల్డ్‌లో అయితే ముందున్న ముగ్గురు కొలుస్తారు, వెనకున్న పదిహేనుమంది ఆ అంకె నోట్ చేసుకుంటారు, మనకు తెలియంది కాదు. వరండాలో చేతికి అలవాటైనవాళ్లు బండ దగ్గరికి వెళ్లాక తడబడరు. అన్నట్టు, మీ వంటింటి గట్టు మీద నల్లరాయి ఉంటే ఓసారి వంగి చూడండి. చీమకుర్తి గెలాక్సీ అయితే బంగారు చుక్కలు మెరుస్తాయి, అమ్మేవాళ్లు గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో అనే వేరే రాయి, ఆ మెరుపు అందులోని బ్రాంజైట్ అనే ఖనిజానిది. పిల్లలందరికీ ఇంట్లో ఉన్న ఫీల్డ్ అది.

ఇక పైవాళ్లతో ఏం చెప్పాలి? గొడవ పడొద్దు, కాగితం పెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. విద్యార్థికి అవసరమైన సర్దుబాటు చెయ్యను పొమ్మనడం కూడా వివక్ష కిందికే వస్తుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. కాలేజీలు అందరికీ అందుబాటులో ఉండేలా ఏం చెయ్యాలో యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు రాసే లెటర్‌లో ఇవి ఒక్క లైన్లో చాలు, మిగతా లెటరంతా రూటూ ఖర్చూ రాయండి. ‘ఎగ్జెంప్షన్ ఎందుకివ్వరు’ అని అడిగితే, ఎగ్జెంప్షన్ అతను అడగలేదు అని చెప్పండి. ప్రిన్సిపాళ్లకు చట్టం కంటే ‘ఎక్స్‌ట్రా ఖర్చు లేదు సార్’ అన్న మాట తొందరగా ఎక్కుతుంది, నా అనుభవం అది.

రంగులు తెలియని అబ్బాయి గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. అబ్బాయిల్లో ఇది అమ్మాయిల కంటే చాలా ఎక్కువ, మన క్లాసుల్లో ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు, పక్కవాడి రికార్డులో చూసి ‘పింక్’ అని రాసి నెట్టుకొచ్చి ఉంటారు. మంగళగిరి దగ్గర గార్నెట్ ఎర్రగా ఉంటుంది చూడండి అని మీరంటే అతనికి కనిపించకపోవచ్చు. కానీ వానకీ ఎండకీ అరిగిన రాతి మీద గార్నెట్ గుండ్రంగా పొక్కులా పైకి తేలి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, కత్తితో గీస్తే గీత పడదు, పగిలితే చదునైన ముఖాలు రావు. మైక్రోస్కోప్ కింద అయితే ఇంకా సుఖం, క్రాస్డ్ నికల్స్ (ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు పోలరైజర్లు) పెట్టి, రాతి ముక్క ఉన్న స్టేజిని ఎంత తిప్పినా గార్నెట్ చీకటిగానే ఉంటుంది, రంగుతో పనే లేదు. రంగే చెప్పాల్సిన చోట పక్కనున్నవాళ్లు చెప్పొచ్చు, ఆ రంగుకి అర్థం అతను చెప్పాలి. మ్యాపులు మాత్రం మీరే సరిచెయ్యాలి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి లెజెండ్ (గుర్తుల పట్టీ) ఇవ్వకండి, గీతలో చుక్కలో అక్షరాలో వెయ్యండి.

అమ్మాయిల సంగతి వేరు. వాళ్ల నాన్నలు పంపబోమంటే మనకు కోపం వస్తుంది గానీ, మనం పంపిన లెటరేంటి? ఇంగ్లీషులో నాలుగు లైన్లు, ‘మీ సొంత బాధ్యత మీద’ అని కింద ఒక సంతకం. ఏ తండ్రి పంపుతాడు? తెలుగులో రాయండి. ఎన్నింటికి బయల్దేరుతాం, ఎన్నింటికి ఇంటికి చేరతారు, వెంట ఎవరుంటారు, బస్సు నంబరు, మీ ఫోన్ నంబరు. ఆ తర్వాత మీరే ఫోన్ చేసి మాట్లాడండి. కుదిరితే ఒక తల్లిని కూడా బస్సు ఎక్కించుకోండి. నేను ఒకసారి అలా ఒకావిడని తీసుకెళ్తే, బలపం రాయి చేతికిస్తే చాలు, వాళ్లూళ్లో అది ఎక్కడ దొరుకుతుందో చెప్పేసింది. అన్నిటికంటే ముఖ్యం టాయిలెట్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టుకోకుండా కూర్చునే అమ్మాయిల్ని నేను ముప్ఫై ఏళ్లు చూశాను, ఎందుకు తాగట్లేదో ఒక్కసారీ అడగలేదు, మీరు ఆడమనిషి కాబట్టి మీకు చెప్పనక్కర్లేదు. రూట్ మ్యాప్‌లో బండల కంటే ముందు టాయిలెట్లు గుర్తుపెట్టండి, ప్రతి రెండు గంటలకీ ఒకటి.

‘ఆడపిల్లకి రాళ్లతో పనేంటి’ అనే తండ్రికి చెప్పడానికి రెండు మాటలు మీ దగ్గర ఉంచుకోండి. సుదీప్త సేన్‌గుప్తా జియాలజిస్టే, 1983లో బయల్దేరిన యాత్రలో అదితి పంత్‌తో కలిసి అంటార్కిటికాలో అడుగుపెట్టింది, మన దేశపు అంటార్కిటికా యాత్రల్లో వెళ్లిన మొదటి ఆడవాళ్లు వాళ్లిద్దరే. ఇంకోటి, గనుల్లో భూమి లోపల ఆడవాళ్లు పనిచెయ్యకూడదని 1952 చట్టం అనేది. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆ తలుపు తెరిచారు. అంటే మనం ‘ఎలాగూ ఉద్యోగాలు రావు కదమ్మా’ అని అమ్మాయిలకి చెప్పిన కబుర్లకి కాలం చెల్లింది.

తెలుగు మీడియం పిల్లల గురించి రాయాలంటే నాకు ఇంకో ఉత్తరం అంత అవుతుంది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, కాదనను. కానీ ఫీల్డ్ నోట్‌బుక్‌కి మీడియం ఎవరు పెట్టారు? అందులో తెలుగులో రాసుకోనివ్వండి, పక్కన ఇంగ్లీషు పేరు. క్వార్ట్జ్ అంటే బిక్కమొహం వేసేవాడికి పలుగురాయి చిన్నప్పటి నుంచీ తెలుసు, మైకా అంటే తెలియనివాడు కాకిబంగారం పొరలు ఒలిచి పుస్తకంలో దాచుకున్నవాడే. సుద్ద, మొరం, నాపరాయి, రేగడి, చవుడు, ఒండ్రు, ఊట, ఇన్ని మాటలున్న పిల్లవాడు మౌనంగా కూర్చుంటున్నాడంటే తెలియక కాదు.

ఇంకొకటి ఉంది, మీరు రాయలేదు గానీ మీ క్లాసులో తప్పకుండా ఉంటుంది. మన జియాలజీకి వచ్చే పిల్లల్లో తల్లిదండ్రులు క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, బోర్లు వేసేవాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పనిచేసేవాళ్లు ఉంటారు. ఆ సంగతి వాళ్లు చచ్చినా చెప్పరు. మీరు కూడా ‘మీ నాన్న రాళ్లు కొడతాడు కదా, నువ్వు చెప్పు’ అని అందరి ముందూ లేపకండి, మంచి ఉద్దేశంతోనే అన్నా ఆ పిల్లవాడు మళ్లీ క్లాసుకి రాడు. దానికి బదులు రాతిపని చేసే ఒక పెద్దాయన్ని కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా పిలవండి, గెస్ట్‌కిచ్చే కవరే ఇవ్వండి, కుర్చీ వెయ్యండి. నేను చూసినాయన ఒకడు బండని సుత్తితో మూడుచోట్ల తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ‘ఇక్కడ డొల్ల పలికింది, లోపల చీలికుంది, ఇటు కొడితే అటు పోద్ది’ అన్నాడు. మేకులు వరసగా దిగ్గొట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు వేస్తే సరిగ్గా ఆ గీత వెంటే విడిపోయింది. నేను ఫోలియేషన్ (రాతిలో పొరల వరస), జాయింట్లు (పగుళ్లు) అని బోర్డు మీద ఇరవై ఏళ్లు గీసినవాణ్ణి, రాయి ఎటు చీలుతుందో ముందే చెప్పమంటే ఆ రోజు నోరు మూసుకుని నిలబడ్డాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు అప్పుడు నవ్వాడు. ఎందుకు నవ్వాడో నేను అడగలేదు.

ఖర్చు సంగతి కూడా చూడండి. బూట్లు కొనుక్కు రమ్మంటాం, సుత్తి తెమ్మంటాం, బస్సు డబ్బులు అడుగుతాం, కట్టలేనివాడు ఆ రోజు జ్వరమంటాడు. సుత్తులు, లెన్సులు డిపార్ట్‌మెంట్‌వి పెట్టండి, ముగ్గురికి ఒకటి చాలు.

ఇప్పుడు మీ ట్రైనింగ్ ప్రశ్న. ప్రమోషన్‌కి కావాల్సిన కోర్సు చేసెయ్యండి, దాని మీద ఆశ పెట్టుకోకండి, కోపమూ పెట్టుకోకండి. ఆ కోర్సులు నడిపే చోట్లని ముందు అకడమిక్ స్టాఫ్ కాలేజీలన్నారు, తర్వాత హెచ్‌ఆర్‌డీసీలన్నారు, 2023 నుంచి మాలవీయ మిషన్ సెంటర్లంటున్నారు, బోర్డు మారింది, మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర మాత్రం మారలేదు. మంచివాళ్లు పాఠం చెప్పినప్పుడు మంచి కోర్సులూ చూశాను, అన్యాయంగా మాట్లాడకూడదు. ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది అయ్యాక సోమవారం నా క్లాసులో ఏం మారుతుంది? సబ్జెక్టు కోసమైతే హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే వాళ్ల ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ వాళ్లు రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చెబుతారు. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల పని) మీరు నేర్చుకుంటే మీ కాలు లేని అబ్బాయికీ పనికొస్తుంది. జాలి పడి చెప్పడం లేదు, ఈ రోజుల్లో జియాలజీ ఉద్యోగంలో సగం పని స్క్రీన్ ముందే. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో మన జిల్లా జియాలజీ మ్యాపులు తీసి, ఇస్రో వాళ్ల భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు పక్కన పెట్టి ట్రిప్‌కి ముందు వారం క్లాసులోనే ఆ దారంతా తిరిగి రండి.

పాఠం చెప్పే పద్ధతికైతే అమెరికా జియోసైన్స్ టీచర్ల దగ్గర నేర్చుకోవడానికి ఉంది. వాళ్ల సంఘం 1938 నుంచి ఉంది, 2002లో ‘ఆన్ ది కటింగ్ ఎడ్జ్’ అని లెక్చరర్లకి వర్క్‌షాపులు మొదలుపెట్టారు. అక్కడ పద్ధతి ఏంటంటే, వచ్చినవాళ్లు ఉపన్యాసం విని పోరు, ఎవరి క్లాస్ యాక్టివిటీ వాళ్లు తెచ్చి పెడితే పక్కవాళ్లు దాన్ని విప్పి బాగుచేస్తారు. అలా పోగైనవన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. వైకల్యం ఉన్న విద్యార్థుల కోసమే 2008లో ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ జియోసైన్స్ డైవర్సిటీ పెట్టారు. 2014లో వ్యాంకూవర్‌లో జరిగిన జియాలజీ మహాసభ అప్పుడు అందరూ వెళ్లగలిగే ఫీల్డ్ ట్రిప్ ఒకటి నడిపారు, హైవే వెంట బస్సు ఆగే చోట్లే స్టాపులు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, స్టూడెంట్లూ లెక్చరర్లూ ఒకే గుంపు. అంతా అక్కడ బ్రహ్మాండంగా ఉందనుకోకండి, భూశాస్త్రాల పీహెచ్‌డీల్లో జాతి వైవిధ్యం నలభై ఏళ్లలో ఏమీ పెరగలేదని 2018లో నేచర్ జియోసైన్స్ పత్రికలోనే రాసుకున్నారు. సంఘాలు పెట్టగానే తలుపులు తెరుచుకోవు.

మీకు నిజంగా పనికొచ్చే ట్రైనింగ్ అయితే ఇంకా దగ్గర్లో ఉంది. గుంటూరు, విజయవాడ రెండు ఊళ్లలో జియాలజీ చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, ఎవరి కాలేజీలో వాళ్లు ఒంటరి. నలుగురైదుగురు కలిసి రెండు నెలలకోసారి ఒక ఆదివారం ఒక స్టాపు దగ్గర కలవండి. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు స్టూడెంట్లలా నిలబడాలి, ఒకరు కుర్చీలోంచి లేవకూడదు, ఒకరు కళ్లకి గంత కట్టుకోవాలి. అయ్యాక మొహమాటం లేకుండా ‘నువ్వు రాయి వైపు తిరిగి మాట్లాడావు, నాకేం వినపడలేదు’ అని చెప్పుకోవాలి. నాకు సర్వీసులో ఉండగా ఎవరూ చెప్పలేదు, నేను ముప్ఫై ఏళ్లూ రాయి వైపు తిరిగే మాట్లాడాను. దీనికి సర్టిఫికెట్ రాదు, టీకి ఎవరి డబ్బులు వాళ్లవే.

ముందు మీరొక్కరే ఒకసారి వెళ్లి రండి. పిల్లలు లేకుండా, చేతిలో కర్ర పట్టుకుని, తొందర లేకుండా. బస్సు ఎక్కడ ఆగుతుంది, దిగిన చోటు నుంచి రాయి దాకా ఎన్ని అడుగులు, మధ్యలో కాలువ మీద బండ కదులుతుందా, పదకొండింటికి నీడ ఎటు పడుతుంది, కూర్చోవడానికి గట్టు ఉందా, అన్నీ రాసుకోండి. టాయిలెట్‌కి తాళం ఉంటే అది ఎవరి దగ్గర ఉంటుందో, ఆ రోజు వాళ్లు ఊళ్లో ఉంటారో లేదో కనుక్కుని, ఫోన్ నంబరు తీసుకుని మరీ రండి.